గమ్మునాట

మా లైన్లో ఏ ఇంటి ముందు ఆడొచ్చో, ఏ ఇంటి ముందు ఆడకూడదో బూట్లు చెప్పేవి. బొగ్గుపొడి పట్టి, లేసులు వదులైన బూట్ల జత పొద్దున 9 దాటినా గడప బయటే ఉందంటే లోపల నైట్ షిఫ్టు మనిషి పడుకున్నట్టు లెక్క. రాత్రి 11కి బొగ్గుబాయిలో దిగి, పొద్దున 7 దాటాక పైకొచ్చి, ఇంటికి చేరి ఒళ్లు రుద్దుకుని, ఇంత తిని, తలుపు దగ్గరికేసుకుని పడుకునేవాళ్లు. ఎంత రుద్దినా కనురెప్పల అంచున నల్లగీత మిగిలేది. చాలా చిన్నప్పుడు నేను, పెళ్లయిన మగవాళ్లంతా కాటుక పెట్టుకుంటారనే అనుకున్నాను.

గోదావరిఖని. అప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు పెద్దపల్లి జిల్లా. నేను చెప్పేది 1986 నుంచి 1990 దాకా సంగతి. సింగరేణి వాళ్ల రెండు గదుల క్వార్టర్లు, ఎదురెదురుగా రెండు వరసలు, నడుమ ఇరవై అడుగుల దారి. దారికి ఒక పక్కన మోరీ, మధ్యలో నల్లా, ఆ కొసన వేపచెట్టు. చెట్టు మీదుగా చూస్తే దూరంగా ఎన్టీపీసీ పొగగొట్టాలు. సాయంత్రం ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి రాజేసేవాళ్లు. ఆ పొగకి అరగంట సేపు ఎదురింటి తలుపు కూడా కనపడేది కాదు. ఆడుకోవడానికి మాకున్న చోటల్లా ఆ ఇరవై అడుగులే. కాలనీకి గ్రౌండు లేక కాదు. ఉంది. అది పెద్ద పోరగాళ్లది. మాలాంటి వాళ్లం వెళ్తే ముళ్లపొదల్లోంచి బంతులు ఏరి తెచ్చివ్వడానికే.

షిఫ్టులు వారానికోసారి మారేవి కాబట్టి మా ఆట స్థలం కూడా వారానికోసారి జరిగేది. ఈ వారం నల్లాకి ఇవతల బూట్లు ఎక్కువుంటే నల్లాకి అవతల ఆట. వచ్చే వారం తారుమారు. సోమవారం పొద్దున మాలో ఒకడు లైను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఏమీ ఎరగనట్టు నడిచి, బూట్లు లెక్కపెట్టి వచ్చేవాడు. ఒక్క ఆదివారం ఈ లెక్క ఉండేది కాదు. సింగరేణిలో వారపు సెలవుని ‘ప్లేడే’ అంటారు. పెద్దవాళ్ల సెలవుకి ఆట పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆ రోజు ఎంత లొల్లి చేసినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. మిగతా ఆరు రోజులే సమస్య. బడి ఉన్నన్నాళ్లు ఎలాగో గడిచేది. ఎండాకాలం సెలవులొచ్చాయంటే పద్నాలుగు మంది పిల్లలం, ఒక బ్యాటు, ఒక రబ్బరు బంతి, చుట్టూ నిద్రపోతున్న మనుషులు.

మా ఎదురింటి కాకకి ముక్కోపి అని పేరు. ఒక మిట్టమధ్యాహ్నం బంతి పోయి ఆయన రేకు తలుపుకి తగిలింది. రేకు తలుపు చప్పుడు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు; లోపలున్నవాడికి పిడుగు ఇంట్లోనే పడ్డట్టుంటుంది. మేమంతా వేపచెట్టు వెనక్కి పారిపోయాం. కాక లుంగీ ఎగ్గట్టుకుంటూ బయటికొచ్చాడు. తిట్టలేదు. బంతిని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికెళ్లిపోయాడు. కాసేపటికి ఆయన భార్య, మా కాకి, బయటికొచ్చి చెప్పింది, బంతిని తలకింద పెట్టుకుని పడుకున్నాడని.

మూడున్నరకి లేచి తెచ్చిచ్చాడు. “ఆడుకోండ్రి. నేను వద్దంటలే. సప్పుడు జేయకుండ ఆడుకోండ్రి.”

ఆయనకి అది మామూలు మాట. మాకేమో ఎవరో పొడుపుకథ వేసి పోయినట్టయింది. చప్పుడు లేకుండా క్రికెట్ ఎలా ఆడతారు?

ముందు బంతి పని పట్టాం. మా బాపు బూట్ల లోపల వేసుకునే మేజోడు ఒకటి మడమ దగ్గర చిరిగిపోయి పడుంది. దాంట్లో పాత చీరపేలికలు కూరి, మూతి కుట్టి, పైన సైకిల్ ట్యూబుని సన్నని రింగులుగా కోసి అడ్డంగా నిలువుగా తొడిగాం. గోడకి కొడితే ‘తప్’ అనేది తప్ప మోగేది కాదు. కాకపోతే ఎగిరేది కూడా కాదు. నేల మీద పడితే పడ్డచోటే కూలబడేది, అలిగిన పిల్లలా. దాంతో బౌలింగు మారిపోయింది. కిందపడకుండా, చేతిని కిందినుంచి ఊపి, మెల్లగా గాల్లోకి వేయాల్సి వచ్చింది. జోరుగా వేసేవాడి జోరంతా దండగ. గురి ఉన్నవాడికే విలువ. తర్వాత బ్యాటు. బాయిలో బొగ్గు మోసే కన్వేయరు బెల్టు ముక్కలు అప్పట్లో ప్రతి ఇంట్లోనూ ఉండేవి, కాళ్లు తుడుచుకునే పట్టాగా. ఒక ముక్కని పలకకి చుట్టి మేకులు దిగ్గొట్టాం. మేకులు కొట్టిన చప్పుడుకి ఇద్దరు కాకలు లేచి తిట్టారు. అది వేరే కథ.

వికెట్టు మాత్రం తగువు పెట్టింది. డబ్బా పెడితే మోగుతుంది. పుల్లలు పాతడానికి నేల సిమెంటు. గోడ మీద బొగ్గుతో మూడు గీతలు గీశాం. అప్పుడు మొదలైంది అసలు లొల్లి: బంతి గీతకి తగిలిందా, పక్కన తగిలిందా? తగిలిందని వీళ్లు, తొండి అని వాళ్లు. అరిచి తేల్చుకుందామంటే అరవడానికి లేదు. చేతులతోనే కొట్టుకునే దాకా వచ్చింది. చప్పుడు రాకుండా కొట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఉపాయం చెప్పింది ఆ కొస క్వార్టరు పిల్ల. మాకంటే రెండేళ్లు చిన్నది. “బంతిని బూడిదలో ముంచుర్రి, మచ్చ పడతది గద.” బూడిద తేలిపోయింది, కనపడలేదు. బొగ్గుపొడి పట్టింది. సింగరేణి కాలనీలో బొగ్గుపొడికి కరువేముంది. ప్రతి బంతికీ ముందు బౌలరు బంతిని ముకుడులోని పొడిలో ఒకసారి దొర్లించేవాడు. గోడకి తగిలితే గుండ్రంగా మచ్చ. మచ్చ గీతను తాకితే ఔటు, తాకకపోతే లేదు. సాక్ష్యం గోడ మీదే ఉంది కాబట్టి తగువు లేదు. కాలికి అడ్డం తగిలినా అంతే, నిక్కరు మీదో పిక్క మీదో ముద్ర పడేది. సాయంత్రం ఇంటికెళ్తే మా అవ్వ నన్ను ఒకసారి గిర్రున తిప్పి చూసి, ఆ రోజు ఎన్నిసార్లు ఔటయ్యానో చెప్పేసేది. ఉతికేది ఆవిడే కాబట్టి ఆ లెక్క ఆవిడకి నచ్చేది కాదు. ఇప్పుడు టీవీలో బంతి ఎక్కడ పడిందో, ఎటు పోయుండేదో రంగుల గీతలతో చూపిస్తుంటే ఆ ముకుడు గుర్తొస్తుంది. మేం వాడింది పొయ్యి పక్కన రాలిన పొడి, అంతే తేడా.

గోడ మీద ఇంకో గీత కూడా ఉండేది, అడ్డంగా, మా ఛాతీ ఎత్తున. బంతి దాని పైకి లేస్తే కొట్టినవాడు ఔటు. ఎందుకంటే కాక వాళ్ల కిటికీ అక్కడ మొదలయ్యేది. ఆ గీత వల్ల మా ఆటలో గాల్లోకి లేపి కొట్టడమనేదే లేకుండా పోయింది. అందరం నేలబారుగా, మోరీలో పడకుండా, మనుషుల సందుల్లోంచి కొట్టడం నేర్చుకున్నాం. మూడేళ్ల తర్వాత మేం ఇంకో కాలనీకి మారాం. అక్కడ ఆడుకునే గోడకి కిటికీయే లేదు. అయినా నేను వెళ్లగానే ఛాతీ ఎత్తున గీత గీశాను. ఎందుకురా అని అడిగారు అక్కడి పిల్లలు. రూలు, అన్నాను.

బంతి నోరు మూయించాం గానీ మా నోళ్లు మూయించడం అంత తేలిగ్గా కాలేదు. ఔటైతే కేక, కాకపోతే కేక. అందుకని పెద్ద రూలు ఒకటి పెట్టుకున్నాం. బ్యాటింగు చేసేవాడి నోట్లోంచి శబ్దం వస్తే ఔటు. ఫీల్డింగు వాళ్ల నోట్లోంచి వస్తే అవతలి జట్టుకి నాలుగు పరుగులు. ఔటని అడగాలంటే రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి. స్కోరు బొగ్గు గీతలు. దగ్గొస్తే మాఫీ. తుమ్మొస్తే మాఫీ లేదు, ఎందుకంటే మాలో ఒకడికి కావాలని తుమ్మడం వచ్చు. టాంప్లీస్ అడగాలన్నా పిడికిలి మీద అరచెయ్యి పెట్టి చూపించడమే. ఆటకి పేరెవరు పెట్టారో గుర్తులేదు. గమ్మునాట. “పోయి గమ్మున ఆడుకోండ్రి” అని పెద్దవాళ్లు రోజుకి పదిసార్లు అనేమాటే అంటుకుపోయి ఉంటుంది.

మొదటి వారం బాగానే నడిచింది. రెండో వారం ఒకడికి వెలిగింది: బంతితో ఔటు చేయడం కంటే నవ్వించి ఔటు చేయడం తేలిక. బౌలరు బంతి వేసే ముందు ముఖం వంకర పెట్టేవాడు. స్లిప్పులో ఉన్నవాడు మా లెక్కల సారు నడిచినట్టు నడిచేవాడు. బ్యాటు పట్టుకున్నవాడు పళ్లు బిగించి, నేల చూపులు చూస్తూ, బుగ్గలు ఉబ్బించి, చివరికి ముక్కులోంచి ‘ఫుర్ర్’ మనేవాడు. చేతులు పైకి లేచేవి. ఔటు. నిద్రపోయేవాళ్ల కోసం పెట్టుకున్న రూలు, మాకు తెలియకుండానే మొత్తం ఆటని మింగేసింది. నెల తిరిగేసరికి మంచి బ్యాట్స్‌మన్ అంటే బాగా కొట్టేవాడు కాదు, నవ్వనివాడు.

అందులో మొనగాడు ఒకడుండేవాడు. నా దోస్తు. పోలియో వచ్చి ఎడమకాలికి ఇనప పట్టీలు. అంతకుముందు ఏ ఆటలోనైనా వాడు ఆటలో అరటిపండే. మన పిల్లల ఆటల్లో ఇంత గొప్ప ఏర్పాటు ఇంకోటి లేదని నా అభిప్రాయం. చిన్నవాళ్లనీ, చేతకానివాళ్లనీ పొమ్మనకుండా కలుపుకుంటాం, వాళ్లు ఔటవరు, వాళ్ల ఆటకి లెక్క ఉండదు. దయ గల ఏర్పాటే. కానీ అరటిపండుగా ఉన్నవాడిని అడగాలి అది ఎలా ఉంటుందో. లెక్కలో లేకపోవడం ఎనిమిదేళ్లవాడికి కూడా అర్థమవుతుంది. గమ్మునాటలో పరుగులు తక్కువ, నిలబడటం ఎక్కువ. వాడు గోడ ముందు నిలబడితే ముఖంలో ఒక్క గీత కదిలేది కాదు. మేం కోతివేషాలన్నీ వేసి అలసిపోయేవాళ్లం. వాడు బౌలింగుకి వచ్చాడంటే చాలు, ఏమీ చేసేవాడు కాదు, ఊరికే చూసేవాడు. కనురెప్ప వేయకుండా, నీలో ఏదో తప్పు కనపడుతున్నట్టు చూసేవాడు. ఆ చూపుకి నేను ఎన్నిసార్లు పగలబడ్డానో లెక్కలేదు. జట్లు పంచుకునేటప్పుడు వాడిని ముందు కోరుకోవడం మొదలైంది. వాడితో సహా ఎవరూ ఆ సంగతి మాట్లాడలేదు. పరుగు తీయడానికి వాడి తరఫున ఇంకొకడు. ఆ ఒక్క సవరణ చాలింది.

ఒకరోజు కాకకి మధ్యాహ్నమే మెలకువ వచ్చినట్టుంది. తలుపు ఓరగా తీసి చూశాడు. పద్నాలుగు మంది పిల్లలు, మూగవాళ్లలా, ఒకడు చేతులు పైకెత్తి, ఒకడు మూతి వంకర పెట్టి, ఒకడు బొగ్గు పూసుకుని నిలబడ్డారు. మెల్లగా వచ్చి గడప మీద కూర్చున్నాడు. బీడీ ముట్టించాడు. రెండు ఓవర్లు గడిచాయి. నా దోస్తు బంతి పట్టుకుని వచ్చి, బ్యాటింగులో ఉన్న కాక కొడుకునే అలా తేరిపార చూశాడు. వాడు నవ్వలేదు. వెనకనుంచి కాక నవ్వాడు. పొగ గొంతులోకి పోయి దగ్గు, దగ్గులో నవ్వు. పక్కింట్లో పడుకున్న ఆయన లేచి “ఏందివయా లొల్లి” అని కాకనే తిట్టాడు.

ఇప్పుడు తగువు: చూసేవాడు నవ్వితే ఎవరి లెక్కలోకి? సైగలతోనే అరగంట వాదించుకున్నాం. చివరికి ఆ కొస క్వార్టరు పిల్లే తీర్పిచ్చింది. చూసేవాడు నవ్వితే నవ్వించిన జట్టుకి రెండు పరుగులు. మరుసటి రోజు నుంచి మాకు ప్రేక్షకులు కావాల్సి వచ్చారు. నల్లా దగ్గర బిందెలతో నిలబడ్డ అమ్మలక్కలని నవ్వించి పరుగులు తీసేవాళ్లం.

గోల్‌బాల్ అని ఒక ఆట ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో కళ్లు పోయిన సైనికుల కోసం 1946లో తయారుచేశారు. బంతిలో గజ్జెలుంటాయి, ఆ చప్పుడు విని పట్టుకోవాలి. బంతి ఆడుతున్నంత సేపూ చూడవచ్చినవాళ్లు నోరెత్తకూడదు. 1976 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. దాన్ని మొదటిసారి టీవీలో చూసినప్పుడు, అంత పెద్ద హాలు నిండా జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటే, నా కళ్ల ముందు మా గడప బయటి బూట్లే కదిలాయి. వాళ్లది వినడం కోసం మౌనం. మాది వినపడకుండా ఉండటం కోసం.

గమ్మునాట ఒక్కటే కాదు. మాలో ఎవరికీ గడియారం లేదు. కానీ షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ కూసేది. సైరన్ మొదలైనప్పుడు వేపచెట్టు దగ్గర బయల్దేరి, అది ఆగేలోపు నల్లా ముట్టుకుని మళ్లీ చెట్టు దగ్గరికి రావాలి. ఊరంతా డ్యూటీకి పోయే కూత మాకు పరుగు పందెం. చెడుగుడులో గొంతెత్తి పోవడాన్నీ కూత అనే అంటాం కదా, బహుశా అందుకే ఆ ఆలోచన వచ్చి ఉంటుంది. చెడుగుడు కనిపెట్టినవాడెవడో వాడికి దండం పెట్టాలి. మైదానం, బంతి, గడియారం ఏవీ లేనివాడు కాలాన్ని కొలవడానికి ఊపిరిని వాడుకున్నాడు. నీ ఊపిరి ఉన్నంత సేపే నీ ఆట. 1990లో బీజింగ్ ఏషియన్ గేమ్స్‌లో కబడ్డీని పెట్టారని, మనవాళ్లు బంగారం తెచ్చారని పేపర్లో పడినప్పుడు మా బాపు గట్టిగా చదివి వినిపించాడు. ఇప్పుడు కూతకి 30 సెకండ్ల లెక్క పెట్టి గడియారం తగిలించారు. టీవీకి తప్పదు కాబోలు.

సైరన్ వేళగాని వేళ కూసిందంటే మాత్రం ఆటలన్నీ ఆగిపోయేవి. ఆడవాళ్లు ఎక్కడి పొయ్యి అక్కడే వదిలి బాయి దారి పట్టేవాళ్లు. ఆ రోజుల గురించి ఇక్కడ రాయను.

బాస్కెట్‌బాల్ పుట్టుక గురించి చదివింది చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగంలో చేరాక. 1891 డిసెంబరు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లో వైఎంసీఏ వాళ్ల శిక్షణ బడి. బయట మంచు, లోపల కసరత్తులు చేయబోమని మొండికేసిన 18 మంది కుర్రాళ్లు. జేమ్స్ నైస్మిత్ అనే కెనడా మేష్టరుకి పై అధికారి రెండు వారాలు గడువిచ్చాడు, వీళ్లని లొంగదీసే ఆట ఏదైనా చూడమని. ఆయన కాపలామనిషిని రెండు పెట్టెలు అడిగితే, పెట్టెల్లేవు, పీచ్ పళ్ల బుట్టలున్నాయని తెచ్చిచ్చాడు. వాటిని తీసుకెళ్లి వ్యాయామశాల బాల్కనీ కమ్మీకి కొట్టారు. ఆ కమ్మీ ఎత్తు 10 అడుగులు. ఇవాళ్టికీ ప్రపంచంలో ఏ బాస్కెట్‌బాల్ కోర్టుకి వెళ్లినా బుట్ట 10 అడుగుల ఎత్తునే ఉంటుంది. ఆ ఎత్తే ఎందుకంటే శాస్త్రమేమీ లేదు, ఆ రోజు ఆ భవనంలో కమ్మీ అక్కడుంది.

అది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఛాతీ ఎత్తున గీత. కిటికీ లేని గోడ.

ఇంకా ఉంది. బుట్ట వెనక ఇప్పుడు కనపడే పలక ఆట కోసం వచ్చింది కాదు. బాల్కనీలో కూర్చున్నవాళ్లు చేతులు చాచి బంతిని అడ్డుకుంటుంటే, వాళ్ల బాధ పడలేక అడ్డం కట్టారు. తర్వాత ఆడేవాళ్లు బంతిని ఆ పలకకి కొట్టి బుట్టలో వేయడం కనిపెట్టారు. నైస్మిత్ రాసిన 13 రూల్సులో బంతిని నేలకి కొట్టుకుంటూ పరిగెత్తడం గురించి ఒక్క ముక్క లేదు. బంతి పట్టుకుని పరిగెత్తకూడదు అన్నాడంతే. పట్టుకోకుండా పరిగెత్తే దారి ఆడేవాళ్లే వెతుక్కున్నారు. ఆయన తొండి అని ఉండొచ్చు. అనలేదు. అదే ఆ ఆటకి ప్రాణమైంది. మా నవ్వులాగా.

నాలుగేళ్లకి, 1895లో, ఆ పక్కనే హోల్యోక్ ఊళ్లో విలియం మోర్గాన్ అనే ఇంకో వైఎంసీఏ మేష్టరు, నడివయసు వ్యాపారులు బాస్కెట్‌బాల్ ఆడి ఆయాసపడుతున్నారని, పెద్దగా పరుగెత్తక్కర్లేకుండా వల కట్టి ఒక ఆట చేశాడు. అదే మన పల్లెటూళ్లలో పొద్దుగూకే వేళ ఆడే వాలీబాల్. ఇంకా ముందు, 1875లో, జబల్‌పూర్‌లో వానలకి బయటికి పోలేక బిలియర్డ్స్ బల్ల చుట్టూ విసిగిపోయిన తెల్ల సైనికాధికారులు స్నూకర్ కనిపెట్టారు. మంచు, ఆయాసం, వాన. ఈ ఆటల్లో ఒక్కటీ తీరి కూర్చున్నవాడికి పుట్టింది కాదు.

నైస్మిత్ సంగతిలో నాకు అన్నిటికంటే నచ్చింది వేరు. రెండు వారాల గడువు అయిపోవస్తుంటే ఆయన తన ఊళ్లో చిన్నప్పుడు ఆడిన ఆట ఒకటి గుర్తుచేసుకున్నాడు. బండ మీద ఒక రాయి పెట్టి, దూరం నుంచి ఇంకో రాయితో దాన్ని పడగొట్టడం. మన ఏడుపెంకులాటకి దూరపు చుట్టం. జోరుగా విసిరితే నీ రాయి ఎక్కడికో పోతుంది, నువ్వు దొరికిపోతావు. మెల్లగా, వంపు తిరిగేలా వేస్తేనే లాభం. గురి నేల మీద కాక పైన, ఎత్తున ఉంటే ఎవరూ జోరుగా విసరలేరు, కాబట్టి దెబ్బలుండవు అని ఆయనకి తట్టింది అక్కడినుంచే. పేలికల బంతిని కిందినుంచి ఊపి వేసిన మా చేతులకి ఈ సంగతి ముందే తెలుసు.

మా ఆఫీసులో ఏడాదికోసారి కొత్త ఆలోచనల రోజు అని పెడతారు. హైదరాబాదులో అందరూ పెడుతున్నారు. చల్లటి గది, తెల్లబోర్డు, రంగురంగుల అంటించే కాగితాలు, మధ్యలో సమోసాలు. ఏ అడ్డూ లేదనుకుని ఆలోచించండి అంటాడు నడిపించే కుర్రాడు, చాలా మర్యాదగా. నేను ఆ కాగితాల మీద ఇంతవరకు పనికొచ్చే ముక్క ఒక్కటీ రాయలేకపోయాను. అడ్డు లేకపోతే దేన్ని పట్టుకుని మొదలుపెట్టాలి? బంతిని ఎవరూ తలకింద పెట్టుకుని పడుకోలేదాయె.

పోయిన సంక్రాంతికి గోదావరిఖని వెళ్లాను. మా బాపు లేడు. బాయి పనుల తీరు మారింది, ఓపెన్‌కాస్టులు వచ్చాయి. మా పాత లైన్లో సగం క్వార్టర్లకి రంగు మారింది, ముందు గేట్లు లేచాయి, ఇరవై అడుగుల దారి నిండా మోటారు సైకిళ్లు. గోడకి ఎన్ని సున్నాలు పడ్డాయో, మచ్చ ఉంటుందనుకోవడం కూడా నా పిచ్చి. నా దోస్తు చౌరస్తా దగ్గర ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతున్నాడు. కళ్లకి భూతద్దం తగిలించుకుని, సన్నని స్క్రూలు విప్పుతూ కూర్చుని ఉన్నాడు. చాయ్ చెప్పాడు. పిల్లల చదువులు, షుగరు, ఫ్లాటు కిస్తీలు అయ్యాక గమ్మునాట ఎత్తాను.

వాడికి నాకంటే బాగా గుర్తుంది. బంతికి తొడిగిన ట్యూబు ఎవరి సైకిల్‌దో కూడా చెప్పాడు. ఒక్క దగ్గర మాత్రం తేడా వచ్చింది. నోరు మూసుకుని భుజాలు ఎగరేస్తూ నవ్వితే ఔటా, కాదా? శబ్దం రాలేదు కాబట్టి కాదని నేను. ఔటేనని వాడు.

“సప్పుడు రానే రాలే గదరా, ఔటెట్లైతది?”

“భుజాలు కదిలితె ఔటే. నువ్వే పెట్టినవ్ ఆ రూలు.”

“నేనా? నేనెప్పుడు పెట్టిన?”

“నేను ఆడంగ పెట్టినవ్. నన్ను ఔట్ జేస్తందుకు.”

నేను నోరు తెరిచాను. ఏమనాలో తోచలేదు. అలాంటిదేదో చేసే ఉంటాను. వాడు భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. ఏమీ అనలేదు. చూశాడు. కనురెప్ప వేయకుండా, ముఖంలో గీత కదలకుండా. నేను చాయ్ గ్లాసు వైపు చూశాను, గోడ మీది క్యాలెండరు వైపు చూశాను, పళ్లు బిగించాను. యాభైకి దగ్గరపడ్డ మనిషిని, బయట ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు. ఫుర్ర్‌మంది.

వాడు రెండు చేతులూ పైకెత్తాడు.